ఎర్ర కారూ, మొద్దు వేలూ

నా కుడిచేతి చూపుడు వేలికి వేడి తెలియదు, చల్లన తెలియదు. చాయ్ గ్లాసు పట్టుకుంటే కాలుతోందని మిగతా వేళ్లన్నీ మొత్తుకుంటాయి, అది మాత్రం తనకేమీ పట్టనట్టు నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. నలభై ఏళ్ల పైబడి ఇదే వరస. బస్సు డిపోలో కొత్తగా చేరిన అప్రెంటీసులకు ఈ వేలు చూపించి, నడుస్తున్న ఇంజన్ దగ్గర చేయి పెడితే ఏమవుతుందో చెప్పేవాణ్ణి. వాళ్లు రెండు రోజులు భయపడేవారు. మూడో రోజు మళ్లీ మామూలే.

ఇప్పుడు రాయబోయేది ఈ వేలు గురించి కొంత, ఒక ఎర్ర కారు గురించి కొంత, ఎక్కువగా నా తప్పు గురించి. కొత్తగా స్పానర్ పట్టిన పిల్లలు చదువుతారని ఆశ. వాళ్లు చదవకపోయినా మా ఆవిడ తప్పకుండా చదువుతుంది. ఎక్కడైనా నాకు అనుకూలంగా మార్చి రాశానేమోనని చూడాలి కదా.

నేను నల్గొండ డిపోలో ఇంజన్ సెక్షన్‌లో పనిచేసి, తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది రిటైరయ్యాను. శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, నా గురించి నాకే తెలియని మంచి మాటలు నాలుగు చెప్పారు. మరునాటి నుంచి ఇంట్లో మా ఆవిడకు అడ్డం పడటం మొదలుపెట్టాను. మిక్సీ విప్పాను. కుట్టుమిషన్ విప్పాను. కుక్కర్ విజిల్ ఎందుకో సన్నగా కూస్తోందని దాన్నీ విప్పాను. ఆమెది కోస్గి వైపు వ్యవసాయం చేసుకునే ఇల్లు. మాట దాచుకోవడం వాళ్ల ఇంటావంటా లేదు. "నువ్వు డ్యూటీల ఉన్నప్పుడే ఇల్లు మంచిగ నడిచింది" అనేసింది.

అలా ఉండగా ఒక ఎండాకాలం పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. చేతికర్ర ముందు దిగింది, దాని వెనక డాక్టరు సారు దిగారు.

ఈ డాక్టరు సారు గురించి చెప్పాలి. డిపోలో చేరిన కొత్తలో ఒకరోజు నడుస్తున్న ఇంజన్ మీదికి వంగి, ఫ్యాన్ బెల్టులో వేలు ఇరికించుకున్నాను. చర్మం మీద వేలాడుతున్న వేలిని గుడ్డలో చుట్టి నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. తీసేయాల్సిందేనని అక్కడున్నవాళ్లు అంటుంటే, అప్పుడే బదిలీ మీద వచ్చిన ఈ డాక్టరు సారు ఒప్పుకోలేదు. మూడు గంటలు కూర్చుని కుట్టారు. కట్టు విప్పిన రోజు "మొద్దుగ ఉన్నది సార్" అన్నాను. "గంతే ఉంటది, పో" అన్నారు. వేలు మొద్దైతేనేం, స్పానర్ పట్టుకోవడానికి పనికొచ్చింది. దానితోనే ఉద్యోగం నిలబడింది, పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు చదువుకున్నారు. అప్పటి నుంచి ప్రతి దసరాకు ఆయన ఇంటికి పోయి చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కేవాణ్ణి.

ఊళ్లో ఆయన్ని ఎర్ర కారు డాక్టరు అనేవారు. విదేశంలో చదువుకుని వస్తూ ఓడలో తెచ్చుకున్న ఇటలీ కారది. రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, గడియారం చౌరస్తాలో ఎడ్లబండి పక్కన ఆగితే ఎడ్లు తలలు దించి కారులోకి తొంగిచూసేవి. దాని చప్పుడు మా బస్సుల చప్పుడు కాదు. గొంతు బాగున్నవాడు లోపల్లోపల రాగం తీసుకుంటున్నట్టు ఉండేది. డిపో ముందు నుంచి పోతుంటే మేమంతా పానాలు, అంటే స్పానర్లు, కింద పెట్టి వినేవాళ్లం. ఇరవై ఏళ్ల కింద అది ఆగిపోయింది. ఎవరో మెస్త్రీ విప్పి, సగం బాగుచేసి, తన వల్ల కాదని చేతులెత్తేశాడు. అప్పటి నుంచి డాక్టరు సారు ఇంటి వెనక షెడ్డులో పడి ఉంది.

ఆయన వయసు అప్పటికి ఎనభైకి దగ్గర. చేతులు వణుకుతున్నాయి. చాయ్ ఇస్తే సాసరులోకి కొంత, చొక్కా మీదికి కొంత పోయింది.

"మా బిడ్డ షెడ్డు కూలగొట్టి అక్కడ రెండు అర్రలు కడ్తదట. కారును హైదరాబాదుల ఒక హోటలోళ్లు అడిగిన్రు. లోపలి ఇంజన్ తీసేసి, ముంగట అద్దాల గదిల బొమ్మ లెక్క పెడ్తరట" అన్నారు.

"అమ్ముతున్నరా సార్?"

"దీపావళి పోయిన మూడో రోజు లారీ వస్తది. ఆ లోపల కారు తనంతట తాను గేటు దాటితె ఉంచుకుందాం నాయిన, దాటకపోతె ఇచ్చేద్దాం అన్నది. నాకైతె న్యాయంగనే కనిపించింది. బిడ్డను తిట్టలే." సాసరు కింద పెట్టి అన్నారు. "పేగులు తీసేసి నిలబెడ్తరట. అదొక్కటే మనసు ఒప్పుతలేదు. నువ్వు జేస్తవా?"

అలాంటి ఇంజన్ నేను జన్మలో ముట్టలేదు. అయినా ఆయన చేతులు చూస్తూ లేదనడానికి నోరు రాలేదు. "చేస్త సార్" అన్నాను. అన్న తర్వాత భయం మొదలైంది.

ఇంజన్‌ను కారు నుంచి దించి ట్రాలీ ఆటోలో మా ఇంటికి తెచ్చి, పిల్లలు చదువుకున్న మధ్య అర్రలో చెక్క బల్ల మీద పెట్టాను. మా ఆవిడ గడపలో నిలబడి చూసింది. "డ్యూటీ అయిపోయిందనుకుంటె ఇంజనే ఇంట్లకు వచ్చె" అంది. అని, లోపలికి పోయి చిన్న సామాన్లు పెట్టుకోవడానికి ఇడ్లీ పళ్లేలు తెచ్చిచ్చింది. ఒక్కో గుంతలో ఒక్కో వాల్వు తాలూకు సామాను, మొదటిది, రెండోది, మూడోది అని వరసగా పెట్టుకున్నాను. డిపోలో కూడా అంత మంచి ఏర్పాటు ఉండేది కాదు.

ఆ ఆరు నెలలు నా ఉద్యోగ జీవితంలో మంచి కాలం. రిటైరయ్యాక వచ్చిన కాలాన్ని ఉద్యోగంలో కలపొచ్చా అంటారేమో, నేను కలుపుతాను. మా బస్సు ఇంజన్లు ఇనుము. వాటితో మాట్లాడాలంటే సుత్తి కావాలి. ఇది అల్యూమినియం. ఒక్క బోల్టు కాస్త ఎక్కువ బిగించినా లోపలి మర అరిగిపోతుంది. నా చేతికి మర్యాద నేర్పడానికే నెల పట్టింది. డాక్టరు సారు రోజు విడిచి రోజు ఆటోలో వచ్చి కుర్చీలో కూర్చునేవారు. కారుతో వచ్చిన పాత పుస్తకం ఆయన దగ్గర ఉంది. అందులో ఇటలీ భాషలో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ. చేతుల వణుకుకు పుస్తకం నిలిచేది కాదు కాబట్టి మా ఆవిడ రోటి మీద దిండు వేసి దాని మీద పెట్టింది. ఆయన చదివి తెలుగులో చెప్పేవారు, నేను విప్పేవాణ్ణి. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి పెడితే తిని, కుర్చీలోనే కునుకు తీసేవారు.

ఇంజన్ అడుగున క్రాంక్ అని బరువైన ఇరుసు ఉంటుంది. దాన్ని పట్టి ఉంచడానికి ఐదు చోట్ల ఐదు క్యాపులు, అంటే ఇనుప మూతలు, ఇంజన్ దిమ్మకు బోల్టులతో బిగించి ఉంటాయి. మూత దిమ్మకు బిగించాకే రెండింటినీ కలిపి గుండ్రంగా తొలుస్తారు. అందువల్ల ఏ మూత ఏ చోట పుట్టిందో ఆ చోటే ఉండాలి. పక్కదానికి మారిస్తే వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడాతో ఇంజన్ మొదట బాగానే నడుస్తుంది, తర్వాత మెల్లగా తనను తాను తినేస్తుంది. మామూలుగా మూతల మీద అంకెలు ఉంటాయి. ఈ ఇంజన్‌కు మాత్రం వెనకటి మెస్త్రీ ఎవరో అంకెలున్న చోటే ఆకురాయి పెట్టి రాకి చెరిపేశాడు. రెండు చివర్ల మూతలు చూస్తేనే వేరుగా తెలుస్తాయి. నడిమి మూడూ అచ్చం ఒకలాగే ఉన్నాయి.

క్రాంక్‌ను నున్నగా చేయించడానికి, లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే భాయి దగ్గరికి తీసుకుపోయాను. నా ఈడువాడు, డిపోకు కూడా అతనే పని చేసేవాడు. మాటల్లో మూతల సంగతి చెప్పాను.

"ఉస్తాద్, పంచ్ కొట్టినవా?" అన్నాడు. ఉలిలాంటి సన్నటి మొనతో ఇనుము మీద చుక్క కొట్టడాన్ని పంచ్ అంటాం. ఒకటో మూతకు ఒక చుక్క, రెండో దానికి రెండు.

"విప్పేటప్పుడు సుద్దముక్కతోని రాసిన భాయ్" అన్నాను.

"సుద్దముక్కనా?" నా వైపు అదోలా చూశాడు. "డిపోల సుద్దముక్కతోని రాసినోణ్ణి నువ్వు ఎట్ల తిట్టేటోనివి? మర్చిపోయినవా?"

మరిచిపోలేదు. ఉద్యోగమంతా నేను అప్రెంటీసులకు అరిచి చెప్పిన మాట అదే. సుద్దముక్క నమ్ముకోవద్దు, పంచ్ కొట్టండి అని. కానీ ఈ కారు వేరని నాకు నేను చెప్పుకున్నాను. డాక్టరు సారు ఓడలో తెచ్చుకున్న వస్తువు మీద దెబ్బ కొట్టడానికి చేయి రాలేదు. "గంత మంచి దాని మీద గాటు పెట్టాల్నా భాయ్? ఇంట్లనే ఉంటది గద, ఎవరు ముడ్తరు?" అన్నాను.

"నీ మర్జీ" అన్నాడు. లేత్ మళ్లీ తిప్పుకున్నాడు.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నేను డిపోలో ఉన్నన్నాళ్లూ పండగకు ముందు రోజు నా సొంత పానాల పెట్టె ఇంటికి తెచ్చేవాణ్ణి. మా ఆవిడ వాటన్నిటినీ కుంకుడు రసంలో నానబెట్టి, పీచుతో తోమి, తుడిచి, పీట మీద వరసగా పేర్చి పసుపు కుంకుమ పెట్టేది. ఏడాదంతా గ్రీజు పట్టిన పానాలు ఆ ఒక్క రోజు పెళ్లికొడుకుల్లా ఉండేవి. రిటైరయ్యాకా ఆమె మానలేదు.

ఆ పొద్దున నేను క్రాంక్ తెచ్చుకోవడానికి లేత్ భాయి దగ్గరికి పోయాను. పండగ పూట అతను షాపు తెరిచింది నా కోసమే. తిరిగి వచ్చేసరికి మధ్య అర్ర ఊడ్చి, కడిగి, ముగ్గేసి ఉంది. పీట మీద నా పానాలు. పానాల పక్కన అరటాకు. అరటాకు మీద ఐదు మూతలు, కొత్త పాత్రల్లా మెరుస్తున్నాయి. ఒక్కో దాని మీద పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు.

క్రాంక్‌ను గోనెసంచి మీద దించి, మూతలు ఒక్కొక్కటి తిప్పి చూశాను.

"ఇవి ఎవరు కడిగిన్రు?"

"ఎవరు కడుగుతరు, నేనే. అదీ ఆయుధమే గద. అసలు పండుగ దానిదే. సారు కారు మంచిగ నడవాల్నని మొక్కుకుంట కడిగిన" అంది నవ్వుతూ.

సుద్దముక్క గీతలు ఒక్కటి మిగల్లేదు. కుంకుడు రసానికి మిగులుతాయా? నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. నీకు బుద్ధున్నదా అన్నాను, ఆరు నెలల కష్టం మట్టిపాలు జేసినవ్ అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. అవి ఇక్కడ రాయను. ఆమెకు గుర్తున్నాయి, అది చాలు. ఆమె ఏడవలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"కడిగితె పోయే రాత రాసినోనికి లేని బుద్ధి, కడిగినదానికి ఉండాల్నా?" అంది. అంతే. ఆ తర్వాత మాట్లాడలేదు. పండగ అన్నం పెట్టింది, మాట్లాడలేదు.

సాయంత్రం జమ్మి తీసుకుని డాక్టరు సారు ఇంటికి పోయాను. కాళ్లు మొక్కాను. ఆయన నా నెత్తి మీద చేయి పెట్టి "ఎంతవరకొచ్చింది?" అన్నారు.

"మంచిగ వచ్చింది సార్. పూజ జేసినం గద, ఒక వారం దినాలు ముట్టొద్దంటున్నరు. మీరు గూడ రావద్దు, నేనే వచ్చి చెప్త" అన్నాను. అలాంటి ఆచారం మా ఇంట్లో కాదు కదా, జిల్లాలోనే లేదు. ఆయన నమ్మారు. దీపావళికి ఇంకా ఇరవై రోజులున్నాయని వేళ్లు మడిచి లెక్కబెట్టి, "ఆగుదాం తియ్" అన్నారు.

మూడు మూతలు మూడు చోట్లలో ఆరు రకాలుగా పెట్టొచ్చు. ఆరూ పెట్టి చూశాను. ఒక్కో రకానికి క్రాంక్ పెట్టడం, మూతలు బిగించడం, చేత్తో తిప్పడం, మళ్లీ విప్పడం. నాలుగు రకాల్లో క్రాంక్ బిగుసుకుంది. అంటే అవి తప్పు. రెండు రకాల్లో హాయిగా తిరిగింది. ఆ రెండింటిలో ఒకటే నిజం.

దాన్ని పట్టుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది. క్రాంక్ లేకుండా మూత ఒక్కటే బిగించి, లోపలి గుండ్రంలో మూత, దిమ్మ కలిసే గీత మీద వేలిగోరుతో, వేలికొనతో రుద్ది చూడాలి. సరైన మూత అయితే గీత ఉన్నట్టే తెలియదు. వేరేదైతే సన్నగా తగులుతుంది. డిపోలో మా పెద్ద మెస్త్రీ నాకు నేర్పిన పని. కానీ నా చూపుడు వేలు సంగతి మీకు తెలుసు. మిగతా వేళ్లు కూడా నలభై ఏళ్లు ఇనుము, ఇసుక కాగితం రాసి రాసి తోలు చెప్పుల్లా తయారయ్యాయి. రుద్దితే రెండూ ఒకటే అనిపించింది. ఎడమ చేత్తో చూశాను. కళ్లు మూసుకుని చూశాను. ఏమీ తెలియలేదు.

లేత్ భాయి దగ్గర లోపలి కొలత తీసే గేజు ఉంది. పోయి అడిగితే గంట పని. ముఖం చెల్లలేదు. సుద్దముక్క మాట ఎత్తుతాడు. ఎత్తకపోతే ఇంకా నామోషీ.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. ఎనిమిదో రోజు పొద్దున ఇంజన్ ముందు కూర్చుని నాలో నేను లెక్క వేసుకున్నాను. రెండింట్లో ఒకటి పెట్టేస్తే? తప్పుదైనా ఇంజన్ లేస్తుంది. గేటు దాటుతుంది. లారీ ఖాళీగా పోతుంది. ఆ తర్వాత ఏడాదికో, రెండేళ్లకో ఆగిపోతే ఇరవై ఏళ్లు మూలకున్న పాత కారు, ఎవరు ఏమంటారు? ఇదంతా మనసులో అనుకుంటున్నాననుకున్నాను, పైకే అనేసినట్టున్నాను.

"దీపావళి దాటితె చాలు" అన్న మాటకు జవాబు గడప దగ్గర నుంచి వచ్చింది.

"దాటినంక?"

ఎనిమిది రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట. నేను తలెత్తలేదు.

"దాటినంక అది ఆగిపోతె సారు ఏమనుకుంటడు? కారుకు వయసైంది, నా లెక్కనే అయిందనుకుంటడు. నువ్వేమనుకుంటవ్?"

చెప్పుల చప్పుడైంది, గేటు చప్పుడైంది. వాళ్ల చెల్లెలింటికి పోయిందనుకున్నాను. పోనీ అని కూడా అనుకున్నాను. అంత మూర్ఖంగా ఉన్నాను ఆ రోజు.

గంటకు ఆటో వచ్చింది. మా ఆవిడ దిగింది, చేయి అందించి డాక్టరు సారును దించింది. ఆయన ముఖం చూడగానే తెలిసింది, దారిలోనే అంతా చెప్పేసిందని. సుద్దముక్క, కుంకుడు రసం, పూజ అబద్ధం, దీపావళి దాటితే చాలన్న మాట, ఏదీ మిగల్చలేదు. నేను లేచి నిలబడి చేతులు కట్టుకున్నాను. డిపోలో మెమో ఇచ్చిన రోజు కూడా అలా నిలబడలేదు.

"తప్పయింది సార్" అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నారు. చాలాసేపు నా చేతి వైపు చూశారు.

"ఆ వేలు ఇట్లియ్యి" అన్నారు. ఇచ్చాను. వణికే చేతుల్లోకి తీసుకున్నారు. "నేనొకటి చెప్త, విను. నీ వేలు కుట్టిన రోజు ఎముక దొరికింది, రక్తనాళం దొరికింది, నరం దొరకలే. వెతికితె దొరికేది. కొత్తగ వచ్చిన, అందరు చూస్తున్నరు, వేలు నిలబెడ్త అని అందరి ముంగట గొప్పకు పోయిన. చర్మం మూసి కుట్టేసిన. నువ్వు మొద్దుగ ఉన్నది సార్ అంటె, గంతే ఉంటది అన్న. గంతే ఉండొద్దు. నేను చెయ్యలే గనుక గట్లున్నది."

ఆయన వేలు వదల్లేదు.

"ఏడాదికోసారి దసరాకొచ్చి జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతవ్. నువ్వు వంగినప్పుడల్లా చెప్దామనుకుంట. నువ్వు లేచేసరికి ధైర్యం పోతది."

నాకు కోపం రాలేదు. రావాలేమో, రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిది రోజులుగా మోస్తున్న బరువు సగం దిగిపోయినట్టయింది. మా ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇద్దరికిద్దరు మంచిగ దొరికిన్రు" అంది. "ఇగ ఇంజన్ సంగతి చూస్తరా, ఏడుసుకుంట కూసుంటరా?"

డాక్టరు సారు పెద్దగా నవ్వారు. తర్వాత నన్ను అడిగారు, ఆ గీత ఎట్లా చూస్తారని. చెప్పాను. "చెయ్యి వణుకుతది గని, వేలుకు తెలివి పోలే" అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. నేను ఒక వరసలో మూతలు బిగించాను. ఆయన మణికట్టు వణకకుండా మా ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. ఆయన కళ్లు మూసుకుని వేలికొన లోపలి గీత మీద నడిపించారు. ఒకటి. రెండు. మూడు. మళ్లీ మొదటి నుంచి.

"రెండోది మంచిగున్నది. మొదటి దాని కాడ, మూడో దాని కాడ మెట్టున్నది" అన్నారు.

ఆ రెండింటినీ మార్చి మళ్లీ బిగించాను. ఆయన వేలు లోపలికి పోయింది. ఈసారి చాలాసేపు తీయలేదు.

"ఇప్పుడేం లేదు. అసలు గీతనే లేదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం ఎనభై ఏళ్ల మనిషిది కాదు. ఆపరేషన్ గదిలో నుంచి మాస్కు తీసుకుంటూ బయటికి వచ్చిన, నాకు గుర్తున్న ఆనాటి డాక్టరుది.

వెంటనే భాయికి ఫోన్ చేశాను. గేజు పట్టుకుని స్కూటర్ మీద వచ్చాడు. సంగతి మొత్తం నా నోటితోనే చెప్పాను, ఈసారి ఆవిడకు అవకాశం ఇవ్వలేదు. అతను సుద్దముక్క మాట ఎత్తలేదు. కొలత తీసి, రెండోసారి తీసి, "డాక్టర్ సాబ్, నా గేజు మీ వేలు చెప్పిందే చెప్తాంది" అన్నాడు. తర్వాత జేబులో నుంచి పంచ్ తీసి నా ముందు పెట్టాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నాడన్నమాట.

నేను పంచ్ అందుకోబోతే డాక్టరు సారు ముందే తీసుకున్నారు. "నేను పట్టుకుంట, నువ్వు కొట్టు."

"సార్, చెయ్యి వణుకుతది. సుత్తి వేలు మీద పడ్తది" అన్నాను.

"నీ వేలు నా చేతిల పెట్టినవ్ గద ఒకప్పుడు. ఇప్పుడు నా వంతు" అన్నారు.

ఆయన పట్టుకున్నారు, నేను కొట్టాను. నా బతుకులో అంత జాగ్రత్తగా సుత్తి ఎత్తలేదు. మొదటి మూతకు ఒకటి, రెండో దానికి రెండు, మూడో దానికి మూడు. ఎదురుగా దిమ్మ మీద కూడా అన్నే. పంచ్ మొన నిలవక చుక్కలు అటొకటి ఇటొకటి పడ్డాయి. ఆయన వేలికి మాత్రం గాటు పడలేదు.

మిగతా పదిపన్నెండు రోజులు ఊపిరి తీసుకోకుండా పనిచేశాం. పిస్టన్లు పెట్టాను, పైన హెడ్డు బిగించాను, గొలుసు ఎక్కించాను. ఇడ్లీ పళ్లేలు ఖాళీ అయ్యాయి. మా ఆవిడ వాటిని చూపించి, "ఇవి కడుగొచ్చునా, రాతలేమన్న ఉన్నయా?" అని అడిగి మరీ మూడుసార్లు కడిగి వంటింట్లోకి తీసుకుపోయింది. దీపావళి పోయిన మరునాడు ఇంజన్ కారులోకి ఎక్కింది. లారీ రావడానికి ఇంకొక్క రోజు ఉంది.

మరునాటి పొద్దున షెడ్డులో డాక్టరు సారు, ఆయన బిడ్డ, లేత్ భాయి, మేమిద్దరం. డాక్టరు సారు బిడ్డ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరు కావడానికి దగ్గరున్న మనిషి. మంచి మనిషి, నాన్నకు మందులు మరిచిపోకుండా ఇచ్చేది ఆమే. చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడింది. డాక్టరు సారు సీట్లో కూర్చుని తాళం తిప్పారు. గరగరలాడింది, ఆగింది. మళ్లీ తిప్పారు. ఆగింది. మూడోసారి ఒక దగ్గు, ఒక నల్లటి పొగ, ఆ తర్వాత ఆ పాత రాగం అందుకుంది. ఇరవై ఏళ్ల కిందటిదే, ఒక్క స్వరం తగ్గలేదు. భాయి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. మా ఆవిడ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి పరుగెత్తింది.

కారు మెల్లగా కదిలి, నిమ్మకాయలు తొక్కి, గేటు దాటింది. దాటిన వెంటనే ఆగింది. నేను గేటు దాకా పరుగెత్తాను. ఇంజన్ ఆగలేదు, డాక్టరు సారే ఆపారు. కర్ర పట్టుకుని దిగారు, చుట్టూ తిరిగి అవతలి సీటు దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఇటు రా. నువ్వు నడుపు" అన్నారు బిడ్డతో.

"నేనా? చిన్నప్పుడు ఒక్కనాడు ముట్టనియ్యలే గద నాయినా!"

"గప్పుడు ఇయ్యలే. ఇప్పుడిస్తున్న. గేటు దాటినంక నీదే అనుకున్న."

ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఇంకో వైపు తిరిగాను. ఇద్దరూ ఊరవతల పానగల్ దాకా పోయి వచ్చారు. రెండే సీట్లు కాబట్టి మేం ముగ్గురం రోడ్డు మీదే నిలబడి ఉన్నాం. చప్పుడు దూరమయ్యేదాకా విని, మళ్లీ దగ్గరయ్యేదాకా ఎదురుచూశాం. వచ్చాక ఆమె చేసిన మొదటి పని లారీ వాళ్లకు రావద్దని ఫోన్ చేయడం.

డాక్టరు సారు ఆ తర్వాత నాలుగేళ్లున్నారు. ఆ నాలుగు దసరాలకూ నేను జమ్మి తీసుకుని పోయాను. కాళ్లు మొక్కబోతే మాత్రం వంగనిచ్చేవారు కాదు, చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకునేవారు. కారు ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారాలు ఆయన బిడ్డ నడుపుకుంటూ మా వీధి మీదుగా పోతుంది. మా ఆవిడ నాకంటే ముందే విని గేటు దగ్గరికి పోతుంది.

ఇంజన్‌ను మళ్లీ ఎవరూ విప్పలేదు. ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సి వస్తుంది, ఇంజన్ అన్నాక తప్పదు. అప్పటికి నేను ఉండను. మీలో ఎవరో ఒకరు విప్పుతారు. అడుగున నడిమి మూడు మూతల మీద చుక్కలు కనిపిస్తాయి. ఒక్కటీ తిన్నగా ఉండదు. ఎవడో చేతకాని మెస్త్రీ కొట్టాడని నవ్వుకోకండి. చుక్కలు లెక్కబెట్టి ఏ మూత ఆ చోటే పెట్టండి. అవి వంకరగా ఉన్నాయి గానీ, తప్పు లేదు.